కాలేజీ పత్రిక హెడ్డింగులకు 'అనేక్ తెలుగు' ఫాంట్ ఎలా ఉందంటే

జర్నలిజం విద్యార్థులు సాధన కోసం వేసే పత్రిక, అదే లాబ్ జర్నల్, ఏదైనా తీసి చూడండి, వార్తలు బాగానే రాస్తారు, ఫొటోలూ పర్లేదు, హెడ్డింగుల దగ్గరకొచ్చేసరికి పేజీ చెదిరిపోతుంది. ఒకటి సాగదీసి ఉంటుంది, పక్కదాన్ని ఇటూ అటూ నొక్కి ఇరికించి ఉంటారు, మూడోది ఏకంగా వేరే ఫాంట్. పిల్లల్ని అనడానికేం లేదు, తెలుగులో హెడ్డింగు కూర్చడం నిజంగానే కష్టం. మా డిపార్ట్‌మెంట్ పత్రిక పేజీలు అనేక్ తెలుగుతో పెట్టాక ఆ కష్టంలో సగం పైగా తగ్గింది, అందుకే ఈ రివ్యూ.

ఇది ముంబైలోని ఏక్ టైప్ అనే ఫాంట్ల తయారీ సంస్థ వాళ్లు చేసిన ఫాంట్. 9 భారతీయ లిపులకూ ఇంగ్లిష్‌కూ కలిపి ఒకే కుటుంబంగా తయారుచేసి 2022లో విడుదల చేశారు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, ఓపెన్ లైసెన్స్ కాబట్టి ప్రింటుకు వాడుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. బాగా సన్నటి థిన్ నుంచి బాగా లావాటి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా గీతకు 8 మందాలున్నాయి. నన్ను ఆకట్టుకున్నది మాత్రం వెడల్పు. మామూలు వెడల్పు 100 అనుకుంటే 75 దాకా తగ్గించొచ్చు, 125 దాకా పెంచొచ్చు, అదీ అక్షరం ఆకారం చెడకుండా.

ఇదెందుకు అంత ముఖ్యమో చెప్తాను. ఇంగ్లిష్ క్యాంపస్ పత్రికకు హెడ్డింగుల మధ్య తేడా చూపించాలంటే బోలెడు దార్లున్నాయి, ఒకటి మొత్తం క్యాపిటల్స్‌లో పెట్టొచ్చు, ఇంకొకటి మామూలు అక్షరాల్లో, ఫీచర్‌కి ఇటాలిక్స్. మనకు క్యాపిటల్స్ లేవు, ఇటాలిక్స్ పెడితే అక్షరాలు పక్కకు ఒరిగిపోయినట్టు కనిపిస్తాయి తప్ప అందం రాదు. మిగిలింది సైజు, మందం, వెడల్పు. ఇన్నాళ్లూ ఉచిత ఫాంట్లలో చాలావాటికి ఒక్క మందమే ఉండటంతో, అన్నింటినీ సైజుతోనే నెట్టుకొచ్చేవాళ్లు. రామభద్ర ఫాంట్ చూడండి, పోస్టర్‌కి ఎంత నిండుగా ఉంటుందో, కానీ పేజీకి అడ్డంగా పెట్టే పెద్ద బ్యానర్ హెడ్డింగుకీ అదే, సింగిల్ కాలమ్ వార్తకీ అదే అంటే పేజీ మొత్తం ఒకే గొంతుతో అరుస్తున్నట్టు ఉంటుంది.

సింగిల్ కాలమ్ సంగతి సరేసరి. టాబ్లాయిడ్ (మామూలు దినపత్రికలో సగం సైజు) పేజీని 5 కాలమ్‌లు చేస్తే ఒక్కో కాలమ్‌లో 'విశ్వవిద్యాలయంలో' అనే ఒక్క మాట పట్టించడమే గగనం. పెద్ద పత్రికల సబ్ ఎడిటర్లు 'వర్సిటీ' అని కుదించడం ఊరికే అలవాటైంది కాదు. మాట కుదించినా పట్టకపోతే మనవాళ్లు చేసే పని, సాఫ్ట్‌వేర్‌లో అక్షరాన్ని అడ్డంగా కుదించే హారిజాంటల్ స్కేల్ తీసుకెళ్లి 70 శాతానికి నొక్కేయడం. అప్పుడు నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి, గుండ్రటి అక్షరాలు కోడిగుడ్లయిపోతాయి. అనేక్‌లో కండెన్స్‌డ్, అంటే వెడల్పు తగ్గించి గీసిన రూపం, ఎంచుకుంటే గీతల మందం నిలబడుతుంది. అదే మాట, అదే సైజులో, కాలమ్‌లో సర్దుకుంటుంది. ఈ ఒక్క పనికోసమైనా దించుకోవచ్చు.

అలాగని లోపాలు లేవనను. కండెన్స్‌డ్‌లో ఎక్స్‌ట్రాబోల్డ్ పెట్టి, ఏ3 కాగితం మీద జిరాక్స్ తీయిస్తే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ద, ధ, థ పక్కపక్కనే వస్తే తేడా పట్టుకోవడానికి కళ్లు చికిలించాల్సిందే. 24 పాయింట్ల (అక్షరం సైజు కొలత) కంటే చిన్న హెడ్డింగుకి సెమీబోల్డ్, అంటే బోల్డ్ కంటే కాస్త తక్కువ మందం, దాటకపోవడం మంచిది. ఇంకొకటి, గీతల్లో లావు సన్నం తేడా పెద్దగా లేకపోవడంతో కొన్నిచోట్ల వార్త హెడ్డింగులా కాక బ్యాంకు ప్రకటనలా అనిపిస్తుంది. క్యాంపస్ జ్ఞాపకాలు, ఇంటర్వ్యూలు వేసే పేజీకి నేను సురవరం ఫాంటే ఇష్టపడతాను. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టుకున్న ఫాంట్ అది, ఆ పేజీకి కాస్త ఆప్యాయత తెస్తుంది.

రెండు లైన్ల హెడ్డింగు పెట్టేటప్పుడు ఏ ఫాంటైనా జాగ్రత్త తప్పదు. పై లైన్‌లో 'రాష్ట్ర' ఉండి, సరిగ్గా దాని కింద 'కీ' గానీ 'థీ' గానీ పడితే ఒత్తులూ గుడిదీర్ఘమూ గుద్దుకుంటాయి. ఇంగ్లిష్‌లోలా 36 పాయింట్ల అక్షరానికి లీడింగ్ (లైన్‌కీ లైన్‌కీ మధ్య దూరం) కూడా 36 పాయింట్లే ఇస్తే ఇక్కడ కుదరదు, నేనైతే 44కు తగ్గను. అప్పటికీ తగిలితే లీడింగ్ పెంచకండి, మాటను ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మార్చండి.

వెడల్పులు ఇన్నున్నాయి కదా అని పిల్లలు ఒకే పేజీలో అన్నీ వాడేస్తారు, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మేం పెట్టుకున్న పద్ధతి ఇది: బ్యానర్‌కి మామూలు వెడల్పులో ఎక్స్‌ట్రాబోల్డ్, రెండు మూడు కాలమ్‌ల వార్తకి సెమీ కండెన్స్‌డ్ బోల్డ్, సింగిల్ కాలమ్‌కి కండెన్స్‌డ్ సెమీబోల్డ్. హెడ్డింగు పైన వచ్చే చిన్న లైన్ రెగ్యులర్‌లో. అన్నీ ఎడమవైపుకే. వెడల్పు పెంచిన ఎక్స్‌పాండెడ్ రూపం మేం అసలు ముట్టుకోలేదు. ఇలా పెట్టాక పక్కపక్క కాలమ్‌లలో రెండు హెడ్డింగులు ఒకే ఎత్తులో పడ్డా ఒకటిగా కలిపి చదివే ప్రమాదం బాగా తగ్గింది.

దించుకునేవాళ్లు ఫోల్డర్‌లో ఒక్కో రూపానికి విడిగా ఉన్న 'స్టాటిక్' ఫైళ్లు ఇన్‌స్టాల్ చేసుకోండి, మందాలూ వెడల్పులూ అన్నీ ఒకే దాంట్లో ఉండే వేరియబుల్ ఫైల్ అన్ని సాఫ్ట్‌వేర్లలో సరిగా పనిచేయదు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడితే పేరాగ్రాఫ్ మెనూలో, మన లిపుల అక్షరాలను సరిగా కలిపే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయాలి, లేకపోతే ఒత్తులన్నీ విడివిడిగా పడి, తప్పు ఫాంట్‌దే అనుకుంటారు.