గని సొమ్ము: దాచడం మేలా, అక్కడే ఖర్చు పెట్టడం మేలా, పంచేయడం మేలా?

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం ఉంది. దాని ఇనుప ఖనిజంలో ఎక్కువ భాగం ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండలది. లక్డీకాపూల్‌లో సింగరేణి భవన్ ఉంది, బొగ్గేమో కొత్తగూడెం, భూపాలపల్లి, మంచిర్యాల వైపుది. లెక్కలు హైదరాబాద్‌లో, గోతులు అక్కడ.

ముందు ఒక మాట. బొగ్గు తవ్వి అమ్మడం సంపాదన కాదు, ఆస్తి అమ్మకం. 2023లో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి పలికింది. ఆ ఎకరాన్ని ప్రభుత్వం మళ్లీ అమ్మడం కుదరదు కదా! గనీ అంతే.

అందుకే దాచమంటారు కొందరు. వజ్రాల దేశం బోట్స్‌వానా 1994లో పులా ఫండ్ అనే పొదుపు నిధి పెట్టింది. తూర్పు తిమోర్ 2005లో చమురు నిధి పెట్టి, ఏటా సుమారు 3 శాతం తీసుకుంటే నిధి తరగదని లెక్క కట్టింది. తీరా చాలా ఏళ్లు అంతకు మించే తీసింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. మన దేశంలో గోవా ఉదాహరణ ఉంది: ఇనుప ఖనిజం అమ్మకం సొమ్ములో 10 శాతం శాశ్వత నిధికి జమ చేయాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

పంచడమంటే అలాస్కా. 1982 నుంచి చమురు నిధి రాబడిలోంచి ఒక్కొక్కరికీ ఏటా డబ్బిస్తోంది. అక్కడి జనాభా ఏడు లక్షల పైచిలుకే. మన జనాభాకు పంచితే తలకు ఎంతొస్తుంది? సింగరేణి లాభాల్లో వాటా ఇస్తుంది కానీ అది కార్మికులకే, గని పక్క ఊరికి కాదు.

నా ఓటు గని ఉన్నచోటే ఖర్చు పెట్టడానికి. 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు, అంటే డీఎంఎఫ్‌లు తెచ్చారు. పాత లీజులైతే రాయల్టీ (ఖనిజం తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే సొమ్ము) మీద అదనంగా దానిలో 30 శాతం, వేలంలో పొందినవైతే 10 శాతం గని జిల్లాకు కట్టాలి. అందులో కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికే వాడాలని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము పీల్చే పిల్లకు ఈ ఏడాదే ఆసుపత్రి కావాలి, 2060లో వచ్చే వడ్డీ కాదు. అయితే డీఎంఎఫ్ పగ్గాలు సాధారణంగా కలెక్టర్ చేతిలోనే ఉంటాయి. ఊరికి నీళ్లు కావాలా, కాంట్రాక్టర్‌కు ప్రహరీ గోడ కావాలా అన్నది గ్రామసభ తేల్చాలి. పదో వంతైనా గోవాలో లాగా తాళం వేసి ఉంచాలి, ఎందుకంటే బొగ్గు అయిపోయాక డీఎంఎఫ్‌కూ రాబడి ఉండదు.

ఇప్పుడు కొత్త దారి కూడా తెరుచుకుంది. ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 జూలైలో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8–1 మెజారిటీతో తేల్చింది. తెలంగాణ ఆ పన్ను వేస్తే సొమ్ము ఖజానాకు, అంటే మళ్లీ హైదరాబాద్‌కే వస్తుంది. అందులో గని ఊళ్ల వాటా ఎంతో చట్టంలోనే రాయాలి. తర్వాత జీవో ఇస్తామంటే మాత్రం నేను నమ్మను.