మావయ్య పుస్తకం వేసిన భీమవరం షాపు: నాలుగు స్టార్లు, ఒకటి బైండింగుకి కోత

సంవత్సరీకాలకి జ్ఞాపకాల పుస్తకం వేయించి పంచడం ఈ మధ్య మా వైపు బాగా ఎక్కువైంది. అలాంటి పని పెట్టుకున్నవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. పాత ఉత్తరాలు, ఫొటోలు, స్లైడ్లు స్కాన్ చేయడం దగ్గర్నుంచి తెలుగు టైపింగు, ప్రూఫులు, ప్రింటింగు దాకా ఈ షాపువాళ్లు అన్నీ ఒక్కచోటే చేస్తారు. బయట బోర్డు మీద ఫ్లెక్సీలు, శుభలేఖలు అని మాత్రమే ఉంటుంది. అది చూసి వెనక్కి వెళ్లిపోకండి.

పుస్తకం మా మావయ్య గురించి, అంటే అమ్మకి తమ్ముడు. వీరవాసరం దగ్గర పల్లెటూళ్లో పుట్టి, భీమవరంలో బీఎస్సీ, వాల్తేరులో ఎమ్మెస్సీ చదివి 1967లో అమెరికా వెళ్లారు. అప్పటికి రెండేళ్ల కిందటిదాకా మన దేశం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడడానికి ఏడాదికి వంద మంది చొప్పునే కోటా ఉండేది. వాళ్ల 1965 వలసల చట్టంతో ఆ తలుపు తెరుచుకుంది. అక్కడే పీహెచ్‌డీ చేసి, రిటైరయ్యేదాకా బయోకెమిస్ట్రీ ల్యాబుల్లోనే పనిచేసి, న్యూజెర్సీలో పోయారు. మేం షాపుకి పట్టుకెళ్లినవి అమ్మమ్మ ట్రంకుపెట్టెలో దాచిన ఏరోగ్రాములు, అత్తయ్య పంపిన స్లైడు డబ్బాలు, పదకొండు పేజీల బయోడేటా, ఇంకా చుట్టాలందరూ తలా ఒకటి రాసిచ్చిన ‘మహామనీషి’ బాపతు వ్యాసాలు.

స్కానింగుకి పూర్తి మార్కులు. ఏరోగ్రాము తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, నీలం కాగితం, అదే ఉత్తరం, అదే కవరు. లోపల ఇంకో చీటీ పెట్టనివ్వరు కాబట్టి మావయ్య చోటు చాలక మడత రెక్కల మీద కూడా చీమ తలకాయలంత అక్షరాలతో రాసేవారు. అమ్మమ్మేమో కత్తిపీటకి ఆనించి ఎటు పడితే అటు కోసేది. దాంతో ఊడిన రెక్కలన్నీ విడిగా ఓ గుడ్డసంచిలో చేరాయి. షాపులో కుర్రాడు వాటిని ట్రేలో పరిచి, సిరా రంగూ కోత వంపూ చూసుకుంటూ ఏ రెక్క ఏ ఉత్తరానిదో జత కలిపాడు. సెల్లోటేపు ముట్టుకోలేదు. స్కానరు అద్దం మీద పక్కపక్కన ఆనించి తీశాడు. ఫొటోలు 600 డీపీఐలో తీశాడు, స్లైడ్లకి వేరే మెషీను వాడాడు. కొడాక్రోమ్ అనే కొడాక్ ఫిల్ముతో తీసిన స్లైడ్లు ఇన్నేళ్లయినా రంగు చెడలేదు. అప్పటి కలర్ ప్రింట్లు మాత్రం ఎర్రబారిపోయాయి. ఒకే ఫొటో రెండు రకాలుగానూ ఉంటే మీరూ స్లైడే ఇవ్వండి.

టైపింగు దగ్గర మాత్రం కాపలా కాయాలి. ల్యాబులో చేరిన కొత్తల్లో మావయ్య రాసిన ఉత్తరం ఒకటుంది. వాళ్ల ప్రొఫెసరు ఒక సీసా చేతికిచ్చి, ‘ఫిస్క్-సుబ్బారావు’ చేసి ఇందులో ఫాస్ఫరస్ ఎంతుందో చెప్పమన్నాడట. నీలం రంగు ఎంత ముదిరితే అంత ఫాస్ఫరస్ ఉన్నట్టు లెక్క. ఈ సుబ్బారావు ఎవరో తెలుసా అని మావయ్య అడిగితే అక్కడ ఒక్కరికీ తెలీదు. మా భీమవరం ఆయనే అని చెబితే వేళాకోళం అనుకున్నారట. షాపులో టైపు కొట్టే అమ్మాయి దాన్ని ‘ఫిష్ సుబ్బారావు’ చేసింది. ఆ అమ్మాయినీ అనలేం. చేపల చెరువులున్న ఊళ్లో ఆ పేరుతో ఏ వ్యాపారస్తుడు ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు.

దాన్ని పట్టుకున్నది ప్రూఫులు చూసే మాస్టారు. ఈ షాపుకి వెళ్లడానికి అసలు కారణం ఆయనే. రిటైరైన తెలుగు పండితుడు, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి వెనక గదిలో కూర్చుంటారు. తప్పు దిద్దడంతో ఊరుకోలేదు. “ఈ సుబ్బారావు గారెవరో మన పిల్లలకి మాత్రం తెలుసా అండి?” అని అరపేజీ రాయించారు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టడం, హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి 1925లో ఆ పద్ధతి ప్రచురించడం, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబులకి వెళ్లడం, ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయడం, ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఫార్బర్ అనే డాక్టరు వాడిన అమినోప్టెరిన్ మందు ఆయన బృందం నుంచే రావడం, 1948లో చనిపోయేదాకా అమెరికా పౌరసత్వం తీసుకోకపోవడం, తిరిగి ఇండియాకి రాకపోవడం, అన్నీ అందులోకి ఎక్కాయి.

తర్వాత మా బయోడేటా మీద పడ్డారు. “పేపర్ల పేర్లన్నీ ఉన్నాయండి. ఈయన అసలు సైన్సు జోలికి ఎందుకెళ్లాడో మాత్రం లేదేం?” అన్నారు. మాకెవరికీ తెలీదు. ఇంటికెళ్లి అమ్మని అడిగాం. 1955లో ఫైలేరియాని, అంటే పురుగుల వల్ల వచ్చే బోదకాలుని, అదుపు చేసే ప్రభుత్వ కార్యక్రమం మొదలయ్యాక మా ఊరికీ వేలు పొడిచి రక్తం తీసేవాళ్లు వచ్చేవారట, అదీ రాత్రి భోజనాలయ్యాక, లాంతరు పట్టుకుని. పగలు రావచ్చుగా అని మావయ్య అడిగాడు. ఆ పురుగు పిల్లలు రాత్రిళ్లే రక్తంలో తిరుగుతాయి బాబూ అన్నాడట వచ్చినాయన. “మరి పగలెక్కడుంటాయి?” అంటూ వీధి చివరిదాకా వెంటపడ్డాడట మావయ్య. ఆయన ఏం చెప్పాడో అమ్మకి గుర్తులేదు. అయితే స్కాన్ చేసిన ఉత్తరాల్లో ఒకదాని రెక్క మీద, అక్కా, అవి పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయట, అని రాసుంది. అదేంటో అర్థంకాక మేం పక్కన పడేసిన రెక్క అది. ఇప్పుడు రెండో అధ్యాయం దానితోనే మొదలవుతుంది.

అమ్మమ్మకి బోదకాలు. దానికిచ్చే హెట్రాజాన్ మాత్రలు వేసుకుంటే తల తిరుగుతోందని మానేసేది. వాపు వాటితో తగ్గదు, నీ ఒంట్లోంచి ఆ పురుగు పిల్లల్ని దోమ ఇంకొకరికి మొయ్యకుండా ఉంటుంది, మానకు అని కొడుకు అక్కణ్నుంచి రాసేవాడు. ఆ మందు వచ్చింది కూడా సుబ్బారావు గారి లెడర్లీ నుంచే. ఈ ముక్క మావయ్య ఏ ఉత్తరంలోనూ రాయలేదు, మాస్టారే పుస్తకాలు తిరగేసి చెప్పారు.

‘కారణజన్ముడు’, ‘నిగర్వి’, ‘ఆదర్శమూర్తి’ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎర్రసిరా పడింది. మా అన్నయ్యకి కోపం వచ్చింది. మావయ్య కొడుకు ఫోనులో చెప్పినవాటిని మాత్రం మాస్టారు ముట్టుకోలేదు. సాయంత్రం ఆరుకల్లా ఇంటికి రావడం, భోజనాల బల్ల మీదే లెక్కలు చెప్పడం, పిల్లలు పడుకున్నాక మళ్లీ ల్యాబుకి పోయి సెల్ కల్చర్లు చూసుకోవడం. ఆదివారం ఇద్దర్నీ వెంటబెట్టుకెళ్లి, సింకులో నీళ్లు పోసి డ్రై ఐస్ ముక్క వేసి పొగ చూపించి, చేత్తో ముట్టుకుంటే కాలుతుందని చెప్పి, ముట్టుకోమని ముందే ప్రమాణం చేయించుకోవడం. పెద్ద కంపెనీ పిలిచి డైరెక్టరు ఉద్యోగం ఇస్తానంటే, అమ్మాయికి హైస్కూలు ఇంకో ఏడాదే ఉంది, ఇప్పుడు ఊరు మారలేం అని కాదనడం. ఈ చివరిది అత్తయ్య చెప్పేదాకా ఆ కూతురికే తెలీదట. పదకొండు పేజీల బయోడేటా పుస్తకం వెనక చిన్న అక్షరాల్లో ఆరు పేజీలకి కుదించారు. అన్నయ్య ఏమన్నా సరే, నా ఓటు మాస్టారికే.

ఇక బాధలు. సంక్రాంతి ముందు ఈ షాపుకి వెళ్లకండి. కోడిపందేల ఫ్లెక్సీలు తప్ప ఇంకేమీ కదలదు. ఫోను ఎత్తితే “అయిపోయిందండి, కటింగులో ఉందండి” అంటారు, వెళ్లి చూస్తే ప్లేటు కూడా వేసుండరు. మాకు తిథికి ముందురోజు రాత్రి చేరాయి. అంతకంటే పెద్ద తప్పు బైండింగు. గమ్ము బైండింగు మన తేమకి ఆగదని వాళ్లకి తెలుసు, మాకు చెప్పలేదు. భోజనాల దగ్గర పంచుతుండగానే కొన్ని కాపీల్లో మధ్య కలర్ పేజీలు చేతిలోకి వచ్చేశాయి. మావయ్య కూతురు విమానంలో వచ్చింది, ఆ అమ్మాయికి ఇచ్చిన కాపీ కూడా అలాగే ఊడింది. అడిగితే గొడవపడకుండా వెనక్కి తీసుకుని ఉచితంగా కుట్టించి ఇచ్చారు, ఆ మాట చెప్పాలి.

128 పేజీలు, అందులో 16 కలర్, 150 కాపీలు. స్కానింగు కాక కాపీ 230 రూపాయలు పడింది. తక్కువేం కాదు, కానీ మాస్టారి పనికి వేరే బిల్లు లేదు. ఇప్పుడు ఇంకో వంద వేయిస్తున్నాం, అమెరికాలో పుట్టిన పిల్లల కోసం ఇంగ్లీషు పేజీలు కలిపి. మీరు వెళితే కుట్టు బైండింగని బిల్లు మీద రాయించుకోండి. ఫైలు యూనికోడ్‌లో ఇమ్మనండి, ప్రింటింగువాళ్లు వాడే అను ఫాంటుదైతే ఫోనులో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వొద్దు. మాస్టారు ఉండేది మధ్యాహ్నం మూడు తర్వాతే.