బరంపురంలో గర్భిణికి రొమ్ము గడ్డ పరీక్ష: స్కానింగు బాగుంది, అసలు తేడా కాగితంలోనే

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్లకి స్కానింగంటే విశాఖ కన్నా ముందు గుర్తొచ్చేది ఒడిశాలోని బరంపురమే. ఇచ్ఛాపురం నుంచి పాతిక కిలోమీటర్లు, కౌంటర్లో తెలుగు నడుస్తుంది. అక్కడి ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్లో గర్భిణులకు రొమ్ము గడ్డ ఎలా చూస్తున్నారన్నదే ఈ రివ్యూ. పేరు అవసరం లేదు, ఇవే ప్రశ్నలు ఏ సెంటర్లోనైనా అడగొచ్చు.

కడుపుతో ఉన్నప్పుడు గడ్డ తగిలితే "పాలు దిగుతున్నాయిలే" అని ఇంట్లోవాళ్లే సర్దేస్తారు. చాలాసార్లు అది ఫైబ్రోఎడినోమానో (క్యాన్సర్ కాని గడ్డ) పాలతిత్తో అవుతుంది, నిజమే. కానీ రెండు వారాలు దాటినా కరగని గడ్డకి కాన్పు దాకా ఆగే పని లేదు.

స్కానింగు విషయంలో సెంటర్‌కి మంచి మార్కులే. ముందు అల్ట్రాసౌండే చేస్తారు, చంక కింద గ్రంథులు కూడా చూస్తారు. మామోగ్రాం అవసరమైతే పొట్టకి సీసం ఏప్రాన్ కడతారు. బిడ్డకి చేరే రేడియేషన్ లెక్కలోకి రానంత తక్కువ. గర్భంలో రొమ్ము కణజాలం దట్టమవుతుంది కనుక ఒక్క మామోగ్రాం బాగున్నంత మాత్రాన గడ్డని వదిలేయకూడదు. ఇంకో మెచ్చుకోలు: అయిదో నెల దాటినవాళ్లని వెల్లకిలా పడుకోబెట్టరు. కుడి తుంటి కింద దిండు పెట్టి ఎడమకి ఒరిగేలా చేస్తారు. లేకపోతే గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి బీపీ జారి, కళ్లు తిరుగుతాయి.

ముక్క పరీక్ష దగ్గర మాత్రం మనమే జాగ్రత్తపడాలి. చౌక, రిపోర్టు తొందరగా వస్తుందని కౌంటర్లో సన్నసూది పరీక్ష, అంటే ఎఫ్ఎన్ఏసీ రాసేస్తారు. గర్భిణి రొమ్ము కణాలు మామూలుగానే వేగంగా పెరుగుతాయి. వాటిని విడిగా చూస్తే క్యాన్సర్ కాకపోయినా క్యాన్సర్‌లా కనిపించే ప్రమాదం ఉంది. 14 గేజ్ సూదితో కోర్ బయాప్సీయే, అంటే లావు సూదితో చిన్న ముక్క తీసే పరీక్షే అడగండి. లిగ్నోకైన్ మత్తు బిడ్డకి హాని చెయ్యదు. గర్భంలో రొమ్ముకి రక్తం ఎక్కువ పారుతుంది కాబట్టి తీసిన చోట 10–15 నిమిషాలు గట్టిగా ఒత్తి పట్టాలి. బీపీ భయంతో ఎకోస్ప్రినో, హెపారిన్ ఇంజెక్షన్లో వాడుతుంటే ముందే చెప్పండి, అవి రక్తాన్ని పలచబరుస్తాయి.

అసలు లోపం కాగితంలో ఉంది. బయాప్సీ ఫారంలో వయసు, గడ్డ సైజు రాస్తున్నారే తప్ప గర్భమన్న మాట రాయడం లేదు. "గర్భిణి, 22 వారాలు" అన్న ముక్క లేకపోతే ముక్కని పరీక్షించే పాథాలజిస్టు గర్భంతో మారిన కణాలని క్యాన్సర్‌గా పొరబడొచ్చు. పక్కన నిలబడి రాయించండి.

రిపోర్టుతో పాటు మైనం బ్లాకు (తీసిన ముక్కని మైనంలో దాచిన దిమ్మ), స్లైడ్లు కూడా అడిగి తీసుకోవాలి. ఇక్కడ అడగందే ఇవ్వరు. విశాఖ అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, కటక్ క్యాన్సర్ ఆసుపత్రి ఆచార్య హరిహర్‌కి వెళ్లినా ఈఆర్, పీఆర్ (హార్మోను పరీక్షలు), హెర్2 (క్యాన్సర్ కణాల మీది ఒక ప్రోటీన్) పరీక్షలు ఆ బ్లాకు మీదే చేస్తారు. హెర్2 స్కోరు 2+ వస్తే, అంటే అటో ఇటో తేలకపోతే, మళ్లీ అదే బ్లాకుతో ఫిష్ అనే జన్యు పరీక్ష. బ్లాకు లేకపోతే రెండోసారి సూది. ఈ ఫలితాలకి గర్భంలో బరువెక్కువ: హెర్2 మందు ట్రాస్టుజుమాబ్ వాడితే ఉమ్మనీరు తగ్గిపోతుంది, హార్మోను మందు టామాక్సిఫెన్ కూడా కాన్పు అయ్యాకే. కొన్ని కీమో మందులు మాత్రం 14 వారాలు దాటాక ఇస్తారు. ఆ వారాల లెక్క మొదటి ఫారం నుంచే ఉండాలి.

రక్తంలో క్యాన్సర్ గుర్తులు వెతికే "ట్యూమర్ మార్కర్ల ప్యాకేజీ" అంటగడితే వద్దనండి. సీఏ 125, ఏఎఫ్‌పీ లాంటివి గర్భంలో వాటంతటవే పెరుగుతాయి. డబ్బు దండగ, పైగా లేనిపోని దిగులు.

మొత్తమ్మీద అయిదుకి మూడున్నర. స్కానింగు ఒక్కటే అయితే నాలుగు.

శాంపిల్ ఇచ్చే రోజు కూడా చూసుకోండి. ముక్క చెడకుండా ఉంచే ద్రవం 10 శాతం ఫార్మలిన్. ముక్క ఆ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలే ఉండాలి. సెలైన్లో వేస్తే హార్మోను పరీక్షలు పాడవుతాయి. శనివారం సాయంత్రం ఇచ్చినా సోమవారం పొద్దుటికి లెక్క సరిపోతుంది. దసరాకో బరంపురం ఠాకురాణి జాతరకో వరసగా సెలవులొస్తే సరిపోదు, ల్యాబు తెరిచాకే వెళ్లండి.