కొండదారుల్లో తొలి ఏటీవీ యాత్ర: క్వాడ్ మేలా, సైడ్ బై సైడ్ మేలా?

గైడు వెంట కొండల లోపలి మట్టిదారుల్లో తొలిసారి ఏటీవీ (రోడ్డు లేని గతుకుల దారుల్లో నడిచే బండి) నడపాలనుకునేవారి ముందు సాధారణంగా రెండు బళ్ళు ఉంటాయి. ఒకటి, మోటారు సైకిల్ మీద కూర్చున్నట్టు కాళ్ళు అటూ ఇటూ వేసి, హ్యాండిల్ పట్టుకుని నడిపే నాలుగు చక్రాల క్వాడ్. రెండోది, పక్కపక్కన సీట్లూ స్టీరింగూ ఉండే సైడ్ బై సైడ్. చూడటానికి క్వాడ్ చిన్నది కాబట్టి అదే తేలికని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా భిన్నం.

క్వాడ్‌ను నడపడంలో చేతులకు ఎంత పని ఉంటుందో ఒంటికీ అంతే పని ఉంటుంది. ఎక్కుడులో ముందుకు వంగాలి, దిగుడులో వెనక్కి జరగాలి, వాలుకు అడ్డంగా పోయేటప్పుడు ఒంటి బరువు కొండ వైపు వేయాలి. సీటు పొడవుగా ఉండేది ఇలా జరగడానికే తప్ప, ఒకరికోసం చేసిన బండి మీద ఇంకొకరిని ఎక్కించుకోవడానికి కాదు. వేగం పెంచే థ్రాటిల్ కుడి బొటనవేలి కింద చిన్న మీటగా ఉంటుంది; గతుకుల్లో శరీరం ఊగినప్పుడు కొత్తవారి వేలు తెలియకుండానే దాన్ని నొక్కుతుంది, బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అన్నిటికన్నా కఠినమైనది, నిటారు ఎక్కుడు మధ్యలో ఇంజను ఆగిపోవడం. బండిని వెనక్కి దొర్లనివ్వకుండా బ్రేకు బిగబట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, కొండ వైపు నుంచి దిగి, గైడు వచ్చేదాకా ఆగాలి. 300 కిలోలకు అటూ ఇటూగా ఉండే యంత్రం మీదికి తిరగబడితే మనిషికి రక్షణగా పైన ఏమీ ఉండదు. బోల్తా ప్రమాదాల కారణంగా మూడు చక్రాల ఏటీవీల అమ్మకం అమెరికాలో 1988 నాటి ఒప్పందంతో ఆగిపోయింది. నాలుగో చక్రం ఆ ప్రమాదాన్ని తగ్గించిందే కాని తీసివేయలేదు.

సైడ్ బై సైడ్‌లో సీటు బెల్టు, తల చుట్టూ ఉక్కు చట్రం, కాలి కింద బ్రేకు, యాక్సిలరేటరు ఉంటాయి కాబట్టి కారు నడిపిన చేతికి అది త్వరగా అలవాటవుతుంది. గంటల తరబడి సాగే ప్రయాణంలో అలసట తక్కువ కావడం, పక్కన మరొకరు కూర్చోగలగడం కూడా మేలే. అయితే దీన్ని కారనుకోవడమే అసలు ముప్పు. బండి ఒరుగుతున్నప్పుడు నేల మీద చెయ్యి ఆనించాలనిపిస్తుంది. ఆ చట్రం కిందే చెయ్యి నలుగుతుంది. బెల్టు బిగించుకుని, కాళ్ళూ చేతులూ లోపలే ఉంచుకుంటేనే చట్రం కాపాడుతుంది. వెడల్పు మరో చిక్కు: మామూలు క్వాడ్ సుమారు 120 సెంటీమీటర్లుంటే, సైడ్ బై సైడ్‌లలో చాలావరకు 150 దాటుతాయి. అందుకే చెట్ల నడుమ సాగే ఇరుకు బాటలు వీటికి దక్కవు. ఆ బాటల అందం కోసమే వెళ్ళేవారికి ఇది నిజమైన లోటు.

దిగుడులో మాత్రం రెండింటికీ ఒకటే సూత్రం: వాలు మొదలవకముందే లో గేరుకు మార్చి, వేగం తగ్గించే పనిలో ఎక్కువ భాగం ఇంజనుకు వదిలి, బ్రేకును మెల్లగా వాడాలి. 3,000 మీటర్ల ఎత్తులో గాలి పలచబడటం వల్ల, టర్బో (గాలిని బలంగా లోపలికి నెట్టే పరికరం) లేని ఇంజను తన శక్తిలో సుమారు 30 శాతం కోల్పోతుంది. ఇద్దరిని మోసే బరువైన బండిలో ఇది ఎక్కుడులో బాగా తెలుస్తుంది.

గైడే నడుపుతుండగా పక్కన కూర్చుని వెళ్ళే ఏర్పాటూ కొన్నిచోట్ల ఉంటుంది. ఎత్తు భయం ఉన్నవారికి అది చక్కగా సరిపోతుంది.

కారు నడపగలిగి, ఒక్కరోజు కొండలు చూసి రావాలనుకునేవారికి సైడ్ బై సైడే మేలని గట్టిగా చెబుతాను. ఈ విద్యను నేర్చుకుని మళ్ళీ మళ్ళీ రావాలన్న కోరిక ఉన్నవారు క్వాడ్ ఎంచుకోవచ్చు, కాని తొలి యాత్ర వెడల్పాటి అటవీ రోడ్డు మీదే సాగాలి. పదహారేళ్ళు నిండనివారికి పెద్దల క్వాడ్ ఇవ్వనే కూడదు.

ఏ బండి ఎంచుకున్నా డబ్బు కట్టేముందు నిర్వాహకులను కొన్ని విషయాలు అడగాలి. బయలుదేరేముందు చదును నేల మీద ఆగడం, తిరగడం, చిన్న వాలు దిగడం సాధన చేయిస్తారా? ఒక గైడు వెంట ఎన్ని బళ్ళు వస్తాయి? చివరి బండి వెనక కూడా వారి మనిషి ఉంటాడా? దుమ్ములో ముందు బండి కనబడకపోతే ఎక్కడ ఆగాలో ముందే చెబుతారా? హెల్మెట్, కళ్ళద్దాలు మనిషి తలకు సరిపోయే కొలతల్లో ఉంటాయా? వీటికి తడబడకుండా జవాబిచ్చేవారి దగ్గర క్వాడ్ ఎక్కినా ఫరవాలేదు. జవాబు దాటవేస్తే మాత్రం ఎంత కొత్త సైడ్ బై సైడ్ చూపినా అక్కడ ఎక్కకండి.