నోట్లో మానని పుండు: కాంతి పరీక్షా, బయాప్సీయా, ఏది మేలు?

గుట్కా నమిలే మనిషి నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే క్యాన్సరేమోనని చూపించుకోవాల్సిందే. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టట్లేదంటే ఇంకా ఆలస్యం చేయకూడదు. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది. కానీ డాక్టర్ 'బయాప్సీ చేయాలి, పరీక్షకు పుండు నుంచి చిన్న ముక్క తీయాలి' అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలు. కత్తి పెడితే జబ్బు పాకుతుందని ఎవరో ఒకరు అంటారు (అది ఉత్త భయమే). అంతలో ఇంకెవరో 'ఉమ్మి మీద లైటు వేసి చెప్పేస్తారట కదా' అంటారు.

ఆ మాట పూర్తిగా గాలి కబురు కాదు. ఉమ్మి, రక్తం, మూత్రం మీద కాంతి పరీక్షలపై పరిశోధన చాలా ఏళ్లుగా సాగుతోంది. ఒకటి ఫ్లోరెసెన్స్: ఊదా రంగు కాంతి వేస్తే పోర్ఫిరిన్ అనే పదార్థాలు ఎర్రగా వెలుగుతాయి. క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఈ వెలుగు తేడాగా ఉండొచ్చన్నది దీని ఆధారం. పరికరం సులువు, ఫలితం త్వరగా వస్తుంది. చిక్కల్లా మన నోళ్లతోనే. పళ్ల గారలోని బ్యాక్టీరియా కూడా పోర్ఫిరిన్లు తయారుచేస్తుంది, చిగుళ్ల నుంచి కారిన రక్తమేమో ఆ ఊదా కాంతినే మింగేస్తుంది. పాన్ నమిలే నోటి ఉమ్మిలో ఏ వెలుగు దేనిదో తేల్చడం కష్టం.

రెండోది 1928లో సి.వి. రామన్ కనిపెట్టిన ప్రభావంతో చేసేది. చెదిరిన కాంతిలో సుమారు కోటి కాంతి కణాల్లో (ఫోటాన్లలో) ఒకటే రంగు మార్చుకుంటుంది. ఆ కాస్త మార్పులోనే ప్రొటీన్లు, కొవ్వుల వేలిముద్రలు దొరుకుతాయి. నీళ్లు పెద్దగా అడ్డు రావు కాబట్టి రక్తం, ఉమ్మి లాంటి ద్రవాలకు ఇదే నప్పుతుంది. అయితే సంకేతం బలహీనం, యంత్రం ఖరీదు, ఒక చోటి లెక్క ఇంకో చోట అచ్చంగా సరిపోదు.

ఈ రెండింటిలో నా ఓటు రామన్‌కే, అదీ ఉమ్మికంటే రక్తం మీద. పుండు ఎదురుగా కనిపిస్తున్నప్పుడు మాత్రం బయాప్సీయే. గడ్డ ఏ రకమో, కణాలు ఎంత చెడ్డాయో, లోపలికి దిగాయో లేదో ముక్కను మైక్రోస్కోప్ కింద చూసిన పాథాలజిస్టు చెప్పగలరు, ఉమ్మి చెప్పలేదు. కాంతి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా పుండు అలాగే ఉంటే ముక్క తీయించుకోవాల్సిందే.

కాంతి పరీక్ష అక్కరకొచ్చేది వేరే చోట అనిపిస్తుంది: ఊళ్లో శిబిరం పెట్టి ఎవరిని ముందు పెద్దాసుపత్రికి పంపాలో ఎంచేటప్పుడు, లేదా చికిత్స అయ్యాక జబ్బు తిరగబెడుతోందేమో చూసేటప్పుడు. తనిఖీకి వచ్చిన ప్రతిసారీ ముక్క తీయలేం, ఓ సిరంజి రక్తం తీయడానికి ఎవరూ బెదరరు.