పొగతోటలో సక్షన్ మిషన్ కొనేవాళ్ళూ, కాస్త ఆగండి

ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతు దగ్గర రంధ్రం చేసి పెట్టే ట్యూబు) వేసి ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద సక్షన్ మిషన్, అంటే కఫం లాగే మిషన్ అని రాసిస్తారు గదా, నెల్లూరులో అందరం పోయేది పొగతోటకే. షాపు పేరు రాయను, ఆ సందుల్లో తిరిగేవాళ్ళకు ఎటూ తెలుసు. కొత్త రేటు తీసుకుని పాత మిషన్ అంటగట్టాడు.

డబ్బా మాత్రం కొత్తదే, సీలు కూడా వేశాడు మహానుభావుడు. స్విచ్ వెయ్యకముందే మీటరు ముల్లు 100 దగ్గర నిలబడి ఉంది. లాగిన కఫం పడే జాడీ మూతలో రబ్బరు వాషరు ఎండి పగిలింది. జాడీకీ మోటారుకీ మధ్య ఫిల్టరు తడిసి ఆరి అట్టకట్టింది, అంటే ఎవరి కఫమో జాడీ నిండి అందాకా పోయిందన్నమాట. ఆన్ చేస్తే బుర్రుమని శబ్దమే గానీ లాగుడు లేదు.

నెబ్యులైజర్ పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, వీపు తట్టి ఫిజియో చేస్తే అంటుకున్న కఫం ఊడి పెద్ద గాలిగొట్టాల్లోకి వస్తుంది. ట్యూబ్ ఉన్న మనిషి స్వరపేటిక మూసి గట్టిగా దగ్గలేడు, అందుకే మిషన్‌తో లాగాలి. లాగకపోతే అదే ట్యూబుకు అడ్డం పడుతుంది. ఇట్లాంటి మిషన్ ఉంటే ఫిజియో ఎంత బాగా చేస్తే అంత ప్రమాదం.

వాపసు తీసుకుపోతే "నాబ్ ఫుల్లుగా తిప్పండి, లాగుద్ది" అన్నాడు. లాగే ఒత్తిడి మీటరు మీద పెద్దవాళ్ళకు 80 నుంచి 120 mmHg, మహా అయితే 150. అంతకు మించితే లోపలి పొర గీసుకుని రక్తం వస్తుంది, ఆక్సిజన్ పడిపోతుంది. అది చెప్తే ఫోన్ చూసుకుంటానే, "పేషెంటు ఉన్నాడా? పోయినాక తెచ్చెయ్యండి, సగానికి తీసుకుంటా" అన్నాడు. ఎంత ముందుచూపో! పాత మిషన్లు యాడ నుంచి వస్తున్నాయో వాడి నోటితోనే తెలిసింది.

పైగా 8 నంబరు ట్యూబుకు 16 సైజు క్యాథెటర్లు (ట్యూబులోకి దింపి కఫం లాగే సన్న గొట్టాలు) ఇచ్చాడు. క్యాథెటరు లావు ట్యూబు లోపలి వెడల్పులో సగం దాటకూడదు. ట్యూబు నంబరు మిల్లీమీటర్లలో ఉంటుంది, క్యాథెటరు సైజు మాత్రం ఫ్రెంచ్ కొలతలో, అందులో 3 అంటే ఒక మిల్లీమీటరు. ఆ లెక్కన 8కి 12, 7కి 10. లావుదైతే పక్కల సందు లేక కఫంతోపాటు ఊపిరితిత్తుల్లో గాలి కూడా లాగేస్తుంది.

కొనేటప్పుడు షాపులోనే ప్లగ్గు పెట్టించండి. ఆఫ్‌లో ముల్లు సున్నా మీద ఉండాలి. పైపు చివర వేలితో మూసి 120కి పెడితే అక్కడే నిలబడాలి, వేలు తీస్తే పడిపోవాలి. మూసినా లేవలేదంటే లీకే. గిన్నెడు నీళ్ళు లాగించి చూడండి. కరెంటు పోతే కాలితో తొక్కేదో, బ్యాటరీదో ఒకటి పక్కన ఉండాల్సిందే. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, రాయనంటే మెట్లు దిగి వచ్చెయ్యండి.