జాగ్రత్త: "పడవన్నాక నీళ్లుంటాయి కదండీ" అన్న బ్రోకర్ ఇతనే

పేరు రాయను. రాయాల్సిన అవసరం కూడా లేదు. ఈమధ్య పాత ఫ్లైబ్రిడ్జ్ బోటు (కేబిన్ పైకప్పు మీద నుంచి కూడా నడపగలిగేది) కోసం వెతికిన ప్రతివాడికీ ఆయన తగిలే ఉంటాడు. "ఫ్యామిలీకి ఫ్యామిలీ, ఫిషింగ్‌కి ఫిషింగ్ సార్!" అంటాడే, ఆయనే. ఆయన ప్రకటనల్లో ప్రతి బోటుకీ మొదటినుంచీ ఒక్కడే ఓనర్. ప్రతి ఓనరూ మహా శుభ్రత మనిషి. రిపేరు యార్డు ఎస్టిమేట్ ఇప్పుడే చేతికొచ్చింది, ఆ కోపంలోనే రాస్తున్నా. అక్షరాలు అటూఇటూ అయితే సర్దుకోండి.

ఆయన ద్వారా నేను కొన్న బోటు సంగతి గబగబా చెప్పేస్తా. 32 అడుగులు, బోటు లోపలే ఉండే రెండు డీజిల్ ఇన్‌బోర్డ్ ఇంజిన్లు, పైన ఫ్లైబ్రిడ్జ్, వెనక తెరిచి ఉండే కాక్‌పిట్‌లో చేపల పెట్టె, అవుట్‌రిగ్గర్లు (గేలం తాళ్లను పక్కలకి దూరంగా పట్టే పొడవాటి కర్రలు), ముందు పిల్లలు పడుకోవడానికి కేబిన్. ఈ రకం ఎంచుకోవడంలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. చేపల పిచ్చి ఒక్కటే ఉంటే సెంటర్ కన్సోల్ (మధ్యలో స్టీరింగ్, చుట్టూ తెరిచి ఉండే బోటు) చాలు. ఇంటిల్లిపాదితో రాత్రుళ్లు గడపాలి, పొద్దున్నే గేలం కూడా వెయ్యాలి అంటే ముప్పై, ముప్పై ఐదు అడుగుల మధ్యే చూసుకోవాలి. అడుగుభాగం వి ఆకారం సంగతి కూడా చదువుకుని వెళ్లాను. వెనక్కొచ్చేసరికి కూడా కోణం 24 డిగ్రీల దాకా ఉండే డీప్-వి అయితే ఎదురలల మీద హాయిగా పరుగెడుతుంది, కానీ లంగరేసినప్పుడూ ట్రోలింగ్‌లోనూ (గేలాలు వెనక లాగుతూ మెల్లగా వెళ్లేటప్పుడు) తెగ ఊగుతుంది. 16, 18 డిగ్రీలదైతే ఊగుడు తక్కువ, అలల దెబ్బ ఎక్కువ. చూశారా, ఎంత పాండిత్యమో! ఆ బ్రోకర్ నవ్వు ముందు అదంతా ఎందుకూ కొరగాలేదు.

మేం వెళ్లేసరికి ఇంజిన్లు నడుస్తూనే ఉన్నాయి. "మీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచాను సార్, ఎండలో నిలబెట్టడం ఎందుకని." ఎంత మర్యాదో. చల్లారిన డీజిల్ ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే దాని జాతకం బయటపడుతుంది. ఎంతసేపు తిప్పితే అందుకుంటుంది, ఎంత తెల్లపొగ వదులుతుంది, ఆ పొగ ఎంతసేపటికి తగ్గుతుంది, ఇవన్నీ అప్పుడే చూడాలి. వేడెక్కిన ఇంజిన్ అందరికీ మంచిదిలాగే కనిపిస్తుంది.

ఇంజిన్ గది మూత ఎత్తితే కళ్లు జిగేలుమన్నాయి. బిల్జ్ (నీళ్లు, ఆయిల్ చేరే బోటు అడుగు) అంతా తెల్లటి కొత్త రంగు. "ఇంత పాత బోటుకి అడుగు ఇంత తెల్లగా ఉందేంటండీ?" అంది మా ఆవిడ. "మెయింటెనెన్స్ మేడమ్!" అన్నాడు. ఆయిల్ ఎక్కడ కారుతోందో, ఉప్పునీటి చార ఎక్కడ దిగిందో చెప్పేది బిల్జే కదా, దాని నోరు ముందే మూయించాడు. కుడి ఇంజిన్ ఎగ్జాస్ట్ ఎల్బోకి (పొగ, చల్లబరిచే సముద్రపు నీళ్లు కలిసి బయటికి పోయే గొట్టం వంపుకి) వెండిరంగు ఇన్సులేషన్ గుడ్డ, అదీ సరికొత్తది, నీటుగా చుట్టి తీగతో కట్టి ఉంది. ఎడమ ఇంజిన్‌ది మాత్రం పాత గుడ్డే. ఎందుకలా అని అడగాలని కూడా తోచలేదు నాకు.

సముద్రంలోకి తీసుకెళ్లినప్పుడు స్టీరింగ్ ఆయనే పట్టుకున్నాడు. థ్రాటిల్ 2200 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటనివ్వలేదు. "క్రూజింగ్ స్పీడే కదా సార్ మనకి ముఖ్యం, ఊరికే ఇంజిన్‌ని హింసపెట్టడం దేనికి?" ఆ ఇంజిన్ రేటింగ్ 2800. పూర్తి థ్రాటిల్‌లో ఆ అంకెను అందుకోలేదంటే ప్రొపెల్లర్ సైజు తప్పు కావచ్చు, అడుగున పట్టిన నాచు, గుల్లలు కావచ్చు, లేదా ఇంజిన్‌కే సత్తువ పోయి ఉండొచ్చు. ట్యాంకు కూడా పావు వంతే ఉంది. వెయ్యి లీటర్ల డీజిల్ బరువే దాదాపు 850 కిలోలు, అది లేకుండా పరుగెత్తి చూపించడం ఏం గొప్ప? కొనేముందు బోటును పరిశీలించి రిపోర్టిచ్చే సర్వేయర్ని కూడా ఆయనే "మన మనిషే సార్, త్వరగా చేసిపెడతాడు" అని కుదిర్చాడు. త్వరగానే చేశాడు పాపం. ఆ రిపోర్టు చివర్లో చీమతలంత అక్షరాల్లో "ఎగ్జాస్ట్ ఎల్బో కప్పి ఉన్నందున పరిశీలించలేదు", "ఇంజిన్ల అంతర్గత స్థితి ఈ సర్వే పరిధిలోకి రాదు" అని ఉందట. ఉందట అంటున్నా, ఎందుకంటే సంతకం అయ్యాకే చదివాను.

ఇక అసలు విషయం.

బేరం కుదరకముందు ఆయన మా పిల్లల్ని ముందు కేబిన్‌లోకి తీసుకెళ్లాడు. పరుపు మీద కూర్చోబెట్టి, చిన్న దీపం వెలిగించి, "ఇది మీ రూమ్. అమ్మానాన్న ఊఁ అంటే ఇవాళ రాత్రి ఇక్కడే పడుకోవచ్చు" అన్నాడు. చిన్నది ఎగిరి గంతేసింది. నేను అక్కడే పడిపోయాను, బేరం ఇంకేం చేస్తాను?

డబ్బు చేతులు మారాక, ఇంజిన్ మాన్యువళ్లు, పాత బిల్లులు ఉన్న లావుపాటి ఫైలు ఇచ్చాడు. ఆయన చేతులతో ఆయనే ఇచ్చాడు, గుర్తుపెట్టుకోండి. ఆయిల్ ఫిల్టర్ నంబరు కోసం ఆ ఫైలు తిరగేస్తుంటే మధ్యలో ఇంకో సర్వే రిపోర్టు కనిపించింది. మాకంటే ముందు కొందామని వచ్చిన ఎవరో సొంతంగా చేయించుకున్నది. బోటు మాదే, వెనక గోడ మీద చెక్కిన హల్ నంబరూ (బోటు గుర్తింపు నంబరు) మాదే. అందులో కుడి ఎల్బో ఫోటో ఉంది. ఏ గుడ్డా లేదు. చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని, చిల్లు దగ్గర నల్లగా మసి పట్టి ఉంది. దాని కింద వాక్యానికి ఎవరో పెన్నుతో గీత కూడా గీశారు: "ఎగ్జాస్ట్ వాయువు ఇంజిన్ గదిలోకి లీకవుతోంది. మరమ్మతు పూర్తయ్యేవరకు బోటులో ఎవరూ నిద్రించరాదు."

ఆ రిపోర్టు ఒక కాపీ బ్రోకర్‌కి పంపినట్టు పైన రాసే ఉంది.

అంటే ఆ మనిషికి తెలుసు. తెలిసే ఆ ఎల్బోకి కొత్త గుడ్డ చుట్టించాడు. తెలిసే నా పిల్లల్ని ఆ పరుపు మీద కూర్చోబెట్టి ఇవాళే పడుకోవచ్చన్నాడు. డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెట్రోల్‌తో పోలిస్తే తక్కువే, కానీ లేకపోలేదు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు మూసుకుని నిద్రపోయే పిల్లలకి ఏం తెలుస్తుంది? ట్రాన్సమ్, అంటే బోటు వెనక గోడ, తడిస్తే డబ్బు పోతుంది, ఇంజిన్ పోతే ఇంకాస్త డబ్బు పోతుంది. దానికి ఏడుస్తాం, తిట్టుకుంటాం, మర్చిపోతాం. ఇది ఎలా మర్చిపోను?

ఫోన్ చేశాను. మొదట "ఏ రిపోర్టు సార్?" అన్నాడు. ఫోటో తీసి పంపాక "ముందు వచ్చినవాళ్ల గురించి మీరు అడగలేదు కదండీ" అన్నాడు. వెనక గోడ తడి గురించి (ఆ సంగతి కింద చెప్తా) అడిగితే నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "పడవన్నాక నీళ్లుంటాయి కదండీ" అన్నాడు. ఆ తర్వాత గొంతు మారింది. "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నానని మీరే సంతకం పెట్టారు. ఇంకోసారి ఫోన్ చేస్తే లాయర్‌తో మాట్లాడుకోండి." ముందురోజు దాకా సార్, సార్ అని వెంటపడిన నోరే అది.

బోటుని యార్డులో గట్టెక్కించాక తేలిన మిగతావి క్లుప్తంగా చెప్తా. ఎల్బో లోపలి గోడ తినేసి సముద్రపు నీళ్లు టర్బోలోకి (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) వెనక్కొచ్చాయి. ఆయిల్ ల్యాబ్‌కి పంపితే సోడియం బయటపడింది, అంటే ఉప్పునీళ్లు అందులో కలిశాయన్నమాట. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ (గాలిని నొక్కిపట్టే బలం) లేదు. ట్రిమ్ ట్యాబుల (బోటు వాలు సర్దే వెనక రెక్కల) స్క్రూల దగ్గర సీలెంట్ చచ్చి, ట్రాన్సమ్ లోపలి ప్లైవుడ్ నానిపోయింది. మెకానిక్ ప్లాస్టిక్ సుత్తితో కొట్టుకుంటూ వచ్చాడు. పక్కగోడల మీద టక్కు టక్కుమన్న సుత్తి, వెనక్కి రాగానే దబ్బు దబ్బుమంది. ఆ చప్పుడు వినడానికి సర్వేయరే అవ్వక్కర్లేదు, చెవులుంటే చాలు. ప్రకటనలో రాసిన మోడల్ సంవత్సరం కూడా అబద్ధమే. హల్ నంబరు చివరి రెండంకెలు వేరే చెబుతున్నాయి. ఇన్ని అబద్ధాల మధ్య అదొకటి చిల్లర లెండి.

లాయర్ని కలుస్తున్నాను. ముందటి రిపోర్టు మా చేతిలో ఉంది కాబట్టి, తెలిసి దాచాడని చూపించే వీలుందన్నాడు. చూడాలి.

కొనేవాళ్లకి ఒకటి రెండు మాటలు. సర్వేయర్ని మీరే వెతుక్కోండి, ఇంజిన్లకి వేరే మెకానిక్‌ని పెట్టండి, బ్రోకర్ చెప్పిన పేరైతే అసలొద్దు. చెప్పిన టైముకంటే గంట ముందే వెళ్లి ఇంజిన్ బ్లాకు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆరోజుకి వెనక్కి వచ్చేసి ఇంకోరోజు వెళ్లండి. ట్యాంకులు నింపించి, కాసేపైనా పూర్తి థ్రాటిల్‌లో నడిపించండి. అడ్వాన్స్ ఇస్తే సర్వే, సీ ట్రయల్ (సముద్రంలో నడిపి చూడటం) నచ్చకపోతే తిరిగివ్వాలని రాయించుకోండి. పాత యార్డు బాకీలు బోటుతో పాటే మీ నెత్తికి రావచ్చు, అవీ కనుక్కోండి. ఏ బోటైనా సరే, కేబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టకుండా పిల్లల్ని పడుకోబెట్టకండి.

ఆయన దగ్గర ఇప్పుడు ఇంకో బోటు అమ్మకానికి ఉంది, ఆకుపచ్చ చార ఉన్న 34 అడుగులది. ఫోటోల్లో దాని బిల్జ్ కూడా తెల్లగా మెరిసిపోతోంది. దానికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, "ఈ బోటుకి ఇంతకుముందు ఎవరైనా సర్వే చేయించారా? చేయిస్తే రిపోర్టు పంపండి" అని ఇవాళే మెయిల్ పెట్టండి. ఫోన్లో అడగొద్దు, జవాబు రాతలోనే తీసుకోండి.